తాళంచెవికి పేటెంట్ ఇస్తే తాళం ఎవరిది?

మన ఐటీవాళ్ళ మధ్య పేటెంట్ అన్న మాట పడితే చాలు, సాఫ్ట్‌వేర్ పేటెంట్లు ఉండాలా వద్దా అని గంటసేపు కొట్టుకుంటాం. అల్గారిథం కంటికి కనబడదు కాబట్టి ఆ గొడవ ఓ పట్టాన తేలదు. అందుకని ఈసారి చేత్తో పట్టుకుని చూసే వస్తువు తీసుకుందాం. తాళంకప్ప, తాళంచెవి. ఇత్తడి, ఇనుము, నాలుగు స్ప్రింగులు, అంతే. ఇందులో దేనికి పేటెంట్ ఇవ్వాలో, దేనికి ఇవ్వకూడదో తేలితే మన సంగతీ చాలావరకు తేలిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తరకం తాళం కనిపెట్టినవాడికి పేటెంట్ ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ "ఈ తాళంలో దూరే చెవి ఆకారం నా సొత్తు, ఇంకెవడూ తయారుచెయ్యకూడదు" అంటే మాత్రం శుద్ధ దబాయింపు.

ముందు తాళం సంగతి. కొన్ని వేల ఏళ్ళ కిందటి ఈజిప్టు కొయ్యతాళాల్లోనే పిన్నులు ఉండేవి. చెవితో వాటిని పైకి లేపితే గడియ కదిలేది. లైనస్ యేల్ జూనియర్ అనే అమెరికన్ ఆ పాత ఆలోచనని పట్టుకుని, చిన్న బల్లపరుపు చెవితో పనిచేసే తాళం చేసి 1861లో, 1865లో పేటెంట్లు తీసుకున్నాడు. 1970లో పేటెంట్ వచ్చిన మెడెకో తాళంలో పిన్నుల్ని సరైన ఎత్తుకి లేపితే సరిపోదు, సరైన కోణానికి తిప్పాలి కూడా. చెవి మీద గాట్లు ఏటవాలుగా ఉండేది అందుకే. ఇవీ కనిపెట్టడం అంటే. ఎలా పనిచేస్తుందో లోకానికి చెప్పారు, కొన్నేళ్ళు హక్కు అనుభవించారు, గడువయ్యాక ఎవరైనా చేసుకోవచ్చు. ఇవాళ మీ అపార్ట్‌మెంట్ తలుపుకి పిన్నుల తాళం ఉందంటే అది యేల్ గారి మునిమనవడే.

అలాగని తాళం అనగానే పేటెంట్ రాసిచ్చెయ్యమని కాదు. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) ప్రకారం, ఉన్న పరికరాల్నే అటూ ఇటూ సర్దితే అది ఆవిష్కరణ కిందికి రాదు. గిన్నెల్ని లేత్ మీద పట్టి ఉంచే సాధనం గురించిన బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో 1978లో మన సుప్రీంకోర్టు కూడా, వర్క్‌షాప్‌లో పనితెలిసిన మేస్త్రీకి మామూలుగా తట్టే మెరుగుదలకి పేటెంట్ కుదరదంది. కాబట్టి అయిదు పిన్నుల తాళానికి ఆరో పిన్ను పెట్టి ఆఫీసుకి పరిగెత్తితే లాభం లేదు :)

ఇక చెవి. మీ జేబులోది తీసి చూడండి. అందులో రెండు ఆకారాలుంటాయి. అంచు మీద గాట్లు మీ ఇంటివి, అదే మీ రహస్యం. పక్కన నిలువునా ఉన్న గాడులు కంపెనీవి, చెవి కన్నంలో దూరడానికి. వీధి మూల గొడుగు కింద కూర్చుని డూప్లికేట్ చెవులు చేసేవాడి దగ్గర గుత్తులుగా వేలాడేవి గాడులుండి గాట్లు లేని ఖాళీ చెవులు. మనది చూసి గాట్లు కోసి, ఆకురాయితో సాపుచేసి ఇస్తాడు.

అమెరికాలో బెస్ట్ లాక్ అనే కంపెనీ సరిగ్గా ఈ ఖాళీ చెవి ఆకారానికే డిజైన్ పేటెంట్ తీసుకుంది. ఇల్కో యునికాన్ అనే కంపెనీ ఆ తాళాలకి సరిపోయే ఖాళీ చెవులు చేసి అమ్మితే కోర్టుకి లాగింది. 1996లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ పేటెంట్ చెల్లదంది. కారణం తేలికే. డిజైన్ పేటెంట్ ఇచ్చేది అందానికి. ఈ ఆకారం తప్ప ఇంకోటి ఆ కన్నంలో దూరదని బెస్ట్ లాకే ఒప్పుకుంది. దూరడం కోసమే ఉన్న ఆకారంలో అందం ప్రసక్తి ఎక్కడిది?

ఆ ముగ్గురు జడ్జిల్లో పాలిన్ న్యూమన్ మాత్రం ఒప్పుకోలేదు. ఆవిడ వాదన తీసిపారేసేది కాదు. చెవినీ కన్నాన్నీ కలిపి చూస్తే ఎన్నో ఆకారాలు సాధ్యం, వాటిలో ఇది ఒకటి, ఇదే ఉండాలన్న నియమం లేదు, కాబట్టి ఇది కేవలం పనిని బట్టి వచ్చిన ఆకారం కాదు, అని.

దీనికి మనవాళ్ళ భాషలోనే జవాబు చెప్తాను. పాస్‌వర్డ్ పెట్టుకునేటప్పుడు కోట్ల రకాలుగా పెట్టుకోవచ్చు. పెట్టాక మాత్రం ఒక్కటే పనిచేస్తుంది. ఎంచుకునే స్వేచ్ఛ తాళం తయారుచేసేవాడికి, అదీ అమ్మకముందు. డబ్బు పోసి తాళం కొని తలుపుకి బిగించుకున్నవాడికి ఏ స్వేచ్ఛా లేదు, వాడికి ఆ ఒక్క ఆకారమే కావాలి. ఇల్లు వాడిది, తలుపు వాడిది, తాళం వాడిది. చెవి పోతే మాత్రం కంపెనీ గుమ్మం ముందు నిలబడాలా?

"భద్రత కోసమండీ, కనపడ్డవాడల్లా డూప్లికేట్ చేయించుకోకుండా" అంటారు. ఇందులో కొంత నిజముంది. ఖాళీ చెవి బజార్లో దొరక్కపోతే ఆఫీసు చెవికి పక్క షాపులో నకలు చేయించడం కష్టమే. కానీ పేటెంట్ అంటే బొమ్మతో సహా అందరికీ చూపించే కాగితం. దాన్ని చూసి భయపడేది ఆ గొడుగు కింద మనిషే గానీ దొంగ కాదు. ఇంటికి కన్నం వేసేవాడు పేటెంట్ ఉల్లంఘన దావాకి జడుస్తాడా? పేటెంట్ గడువు తీరిన మర్నాడు మీ ఆఫీసు భద్రత గడువు కూడా తీరిపోతుందా?

అమెరికా ప్రయాణాలు చేసేవాళ్ళ సూట్‌కేసులకి టీఎస్ఏ తాళాలుంటాయి కదా. వాటి మాస్టర్ చెవుల ఫోటో పత్రికలో పడితే, 2015లో ఆ ఫోటో చూసే 3డీ ప్రింటర్ ఫైళ్ళు తయారుచేసి నెట్‌లో పెట్టేశారు. ఆకారాన్ని దాచి భద్రత సాధించడం ఇదీ కథ. తాళం అందరికీ తెలిసినా ఫర్వాలేదు, రహస్యం ఒక్కటే దాగితే చాలు అని కెర్క్‌హాఫ్స్ 1883లోనే రాశాడు. క్రిప్టోగ్రఫీ పాఠంలో మనందరం చదువుకున్నదే.

చట్టం రాసినవాళ్ళకి ఇది అర్థం కాలేదా? అయింది. ఒక వస్తువు ఇంకోదానితో అతకడానికి అవసరమైన ఆకారానికి డిజైన్ హక్కు లేదని బ్రిటన్ 1988 చట్టం ఒక మినహాయింపు పెట్టింది. మన 2000 నాటి డిజైన్ల చట్టం కూడా కంటితో చూసి మెచ్చుకునే రూపానికే రక్షణ ఇస్తుంది. నిర్మాణ సూత్రాన్నీ, కేవలం యాంత్రిక సాధనాన్నీ నిర్వచనంలోనే పక్కన పెట్టింది. చెవి గాడులు అతకడానికే కదా?

ఇప్పుడు మన ఇంటికొద్దాం. ప్రింటర్‌లో వేరే కంపెనీ టోనర్ పెడితే ఒప్పుకోకుండా లెక్స్‌మార్క్ చిప్ పెట్టింది. అందులోని చిన్న ప్రోగ్రాంకి కాపీరైట్ ఉందని పోట్లాడి కింది కోర్టులో నిషేధాజ్ఞ తెచ్చుకుంది. 2004లో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ప్రోగ్రాం ఏమిటి? బిట్లతో చేసిన తాళంచెవి. ఏపీఐ, ఫైల్ ఫార్మాట్, ప్రోటోకాల్, ఛార్జర్ కనెక్టర్, అన్నీ చెవులే. వాటి వెనక పనిచేసే యంత్రం మీదైతే మీ హక్కు మీకుంటుంది. అతుక్కునే అంచు మాత్రం కొనుక్కున్నవాడిది.

ఇదంతా ఎందుకంటే, ఆ కాగితాల కింద సంతకాలు పెట్టేది మనమే. నేను పనిచేసే చోట ఏడాదికిన్ని పేటెంట్ ఐడియాలని టార్గెట్ ఉంది, ఫైలైతే బోనస్ కూడా. ఆ మధ్య రెండు సర్వీసులు మాట్లాడుకునే మెసేజ్ ఫార్మాట్‌ని ఐడియాగా పంపుదామన్నారు. అందులో కొత్త టెక్నిక్ ఏమీ లేదు, ఇంకొకరి సర్వీసు మనదానికి తగులుకోకుండా చెయ్యడం తప్ప. నా పేరు వద్దన్నాను. "నీకేంటి నష్టం? రెజ్యూమెలో ఒక లైను" అన్నారు. నష్టం నాకు కాదు, రేపు దానికి తగులుకునే సర్వీసు రాయాల్సిన ఇంకో ఇంజనీరుకి.

మీ దగ్గరికీ అలాంటి ఫారం వస్తుంది. ఆవిష్కర్త అన్న గడిలో పేరు రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇది తాళమా, చెవా? తాళమైతే దర్జాగా రాయండి, పార్టీ కూడా ఇవ్వండి. చెవి అయితే మాత్రం పెన్ను జేబులో పెట్టుకోండి.