కాంతికీ మోతాదు ఉంది: దీపాల సిఫారసు వాట్లలో కాదు, మోల్‌లలో ఉండాలి

వరికి ఎరువుల సిఫారసు చేసే శాస్త్రవేత్త ఎవరూ ‘ఎకరాకు రెండు బస్తాలు వేయండి’ అని చెప్పి ఊరుకోరు. ఏ ఎరువు వేయాలో, అందులో పోషకం ఎంత శాతమో, ఏ దశలో ఎన్ని దఫాలుగా వేయాలో వివరిస్తారు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుందని తెలుసు కనుకనే 45 కిలోల బస్తాతో పొలానికి 20.7 కిలోల నత్రజని చేరుతుందని లెక్క కట్టగలుగుతున్నారు. అయితే ఇంటి లోపల గ్రో టెంట్‌లో ఆకుకూరలో, నారో పెంచుకునేవారు కాంతి గురించి అడిగినప్పుడు తరచుగా వినిపించే సలహా ‘100 వాట్ల ఎల్‌ఈడీ దీపాన్ని అడుగున్నర ఎత్తున వేలాడదీయండి’ అన్నంత వరకే ఉంటుంది. ఇది ఎరువు పేరు చెప్పకుండా బస్తాల లెక్క చెప్పడం వంటిదే. కాంతి కూడా మొక్కకు అందించే ఒక ఉత్పాదకమే. దానికీ మోతాదు ఉంది, దశ ఉంది, మితిమీరితే హాని ఉంది.

గ్రో టెంట్ అంటే లోపలి గోడలకు కాంతిని పరావర్తనం చేసే పూత గల ఒక గుడ్డ గది. పైన ఎల్‌ఈడీ పలక, పక్కన గాలిని బయటకు లాగే ఫ్యాను, కింద కుండీలు లేదా ట్రేలు ఉంటాయి. నగరాల్లో అపార్టుమెంట్లలో ఆకుకూరలు పండించుకునేవారు, మైక్రోగ్రీన్స్ అమ్మే చిన్న వ్యాపారులు, ఒకే తీరు నారు కోసం ప్రయోగాలు చేసే విద్యార్థులు, కణజాల వర్ధన మొక్కలను బయటి వాతావరణానికి అలవాటు చేసే నర్సరీలు దీనిని వాడుకోవచ్చు. వైశాల్యం చిన్నదే కావచ్చు. కానీ ఎండ తనంతట తాను ఇచ్చే కాంతిని ఇక్కడ ప్రతి రోజూ కరెంటు చెల్లించి కొనవలసి ఉంటుంది. కొని తెచ్చే వస్తువును కొలవకుండా వాడటం ఏ సేద్యంలోనూ లాభసాటి కాదు.

మొక్క లెక్కించేది ఏమిటి?

వాట్ అనేది దీపం వినియోగించే విద్యుచ్ఛక్తికి కొలత. అందులో ఎంత భాగం మొక్కకు పనికివచ్చే కాంతిగా మారుతుందన్నది దీపం నాణ్యతపై ఆధారపడుతుంది. మేలైన ఎల్‌ఈడీ పలకలు ఒక్కో జౌల్ విద్యుత్తుకు 2.5 నుంచి 3 మైక్రోమోల్‌ల కాంతి కణాలను ఇస్తుండగా, చవక రకాలు అందులో సగమే ఇవ్వవచ్చు. పైగా పెట్టెపై ‘1000 వాట్లు’ అని రాసి ఉన్న దీపం వాస్తవంగా 100 వాట్లు మాత్రమే తీసుకోవడం మార్కెట్‌లో అరుదేమీ కాదు.

లక్స్ కూడా మొక్క భాష కాదు. అది మనిషి కంటి సున్నితత్వానికి అనుగుణంగా రూపొందిన ప్రమాణం. కన్ను 555 నానోమీటర్ల వద్ద ఉండే పసుపు కలిసిన ఆకుపచ్చ కాంతిని అత్యధికంగా గ్రహిస్తుంది. మొక్కల కిరణజన్య సంయోగక్రియకు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలన్నీ ఎక్కువ తక్కువగా పనికివస్తాయి. వివిధ పంటల ఆకులపై మెక్రీ చేసి 1972లో ప్రచురించిన కొలతలు ఈ అవగాహనకు గట్టి పునాది వేశాయి. ఒక చదరపు మీటరుపై ఒక సెకనులో పడే ఈ కణాల సంఖ్యను మైక్రోమోల్‌లలో చెప్పేది పీపీఎఫ్‌డీ. రోజు మొత్తంలో పడిన కణాలను మోల్‌లలో కూడి చెప్పేది డీఎల్‌ఐ, అంటే దైనిక కాంతి మోతాదు. పీపీఎఫ్‌డీని వెలుతురు గంటలతోను, 3600తోను గుణించి, పది లక్షలతో భాగిస్తే డీఎల్‌ఐ వస్తుంది. ఇంతకు మించిన గణితం ఇందులో లేదు.

తెలుగు రాష్ట్రాల్లో మబ్బులేని వేసవి రోజున ఆరుబయలు నేలపై పడే కాంతి 40 మోల్‌లు దాటుతుంది. లెట్యూస్ వంటి ఆకుకూరకు సాధారణంగా 12 నుంచి 17 మోల్‌లు సరిపోతాయి. టమాట వంటి కాయపంటకు 20 నుంచి 30 మోల్‌లు కావాలి. సలహా మొదలు కావలసింది ఈ అంకెల నుంచే గాని, దీపం పెట్టెపై ఉన్న అంకె నుంచి కాదు.

ఒక చిన్న లెక్క

60 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల టెంట్‌ను తీసుకుందాం. వైశాల్యం 0.36 చదరపు మీటర్లు. లెట్యూస్‌కు రోజుకు 14 మోల్‌లు ఇవ్వాలనుకుని, 16 గంటలు దీపం వెలిగిస్తే, ఆకుల మట్టం వద్ద సెకనుకు సుమారు 243 మైక్రోమోల్‌ల తీవ్రత అవసరం. దీపం జౌల్‌కు 2.5 మైక్రోమోల్‌లు ఇచ్చేదై, అందులో 75 శాతం ఆకులకు చేరితే, కావలసిన విద్యుత్తు దాదాపు 47 వాట్లు మాత్రమే.

అదే దీపాన్ని పూర్తిగా 100 వాట్ల వద్ద వెలిగిస్తే తీవ్రత సుమారు 520 మైక్రోమోల్‌లకు, రోజు మోతాదు 30 మోల్‌లకు చేరుతుంది. అంటే లెట్యూస్ మొక్కకు టమాట మోతాదు ఇచ్చినట్లయింది. నెలకు సుమారు 23 యూనిట్లతో సరిపోయే చోట 48 యూనిట్లు ఖర్చవుతాయి. శ్లాబుల వారీగా బిల్లు పెరిగే ఇళ్లలో ఈ 25 యూనిట్లు చిన్నవి కావు.

నష్టం కరెంటుతో ఆగదు. అధిక కాంతిలో మొక్క వేగంగా ఎదిగేటప్పుడు, నీరావి తక్కువగా విడిచే లోపలి లేత ఆకులకు కాల్షియం తగినంతగా చేరదు. ఫలితంగా ఆకుల అంచులు మాడే ‘టిప్‌బర్న్’ కనిపిస్తుంది. లోపలి ఆకులపై గాలి తగిలేలా ఫ్యాను అమరిస్తే ఈ సమస్య కొంత తగ్గుతుంది కాని, అవసరం లేని మోతాదును తగ్గించుకోవడమే మొదటి మందు. బ్లాక్‌మన్ 1905లో చెప్పిన పరిమిత కారకాల సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. గాలి మార్పిడి సరిగా లేని టెంట్‌లో బొగ్గుపులుసు వాయువు కొరవడినప్పుడు, కాంతిని ఎంత పెంచినా దిగుబడి పెరగదు.

ఇక వేడి సంగతి. దీపం తీసుకున్న ప్రతి వాట్ చివరికి టెంట్‌లోనో, దాని చుట్టూ ఉన్న గదిలోనో వేడిగానే మిగులుతుంది. బయట 42 డిగ్రీలున్న మే నెలలో చల్లదనాన్ని కోరుకునే లెట్యూస్ పక్కన అదనంగా 50 వాట్ల వేడిని పెట్టడం ఒక చేత్తో నీళ్లు పోస్తూ మరో చేత్తో మంట పెట్టడమే. వేసవిలో కాంతి మోతాదును కొంత తగ్గించి, దీపాన్ని రాత్రి చల్లని వేళల్లో వెలిగించమని చెప్పడం తెలుగు ప్రాంతానికి తగిన సలహా.

ఎత్తు మార్చాలా, డిమ్మర్ తిప్పాలా?

తీవ్రతను సర్దడానికి రెండు మార్గాలున్నాయి. దీపాన్ని పైకి కిందికి జరపడం ఒకటి, డిమ్మర్‌తో విద్యుత్తును తగ్గించడం రెండవది. డిమ్మర్ ఉన్న చోట మొదట దానినే వాడమనడం సమంజసం. దీపాన్ని పైకి జరిపినప్పుడు కరెంటు ఖర్చు తగ్గదు, కాంతిలో ఎక్కువ భాగం గోడలకు తగిలి వృథా అవుతుంది. డిమ్మర్ తగ్గించినప్పుడు ఖర్చూ వేడీ రెండూ తగ్గుతాయి. తక్కువ విద్యుత్ ప్రవాహంలో ఎల్‌ఈడీలు కొంత మెరుగైన సామర్థ్యంతో పనిచేస్తాయి, మన్నిక కూడా పెరుగుతుంది. ఎత్తును మాత్రం కాంతి అన్ని మూలలకూ సమంగా పరుచుకునేలా నిర్ణయించుకోవాలి.

దూరం రెట్టింపయితే కాంతి నాలుగో వంతుకు పడిపోతుందన్న పాఠాన్ని ఇక్కడ యథాతథంగా అన్వయించరాదు. అది బిందువు వంటి కాంతి జనకానికి సంబంధించిన సూత్రం. వెడల్పైన పలక, పరావర్తనం చేసే గోడలు ఉన్న టెంట్‌లో తగ్గుదల అంత వేగంగా ఉండదు. అలాగే డిమ్మర్ మీట సగంలో ఉన్నంత మాత్రాన కాంతి కచ్చితంగా సగమైందని అనుకోకూడదు. కనుక ఏ మార్పు చేసినా ఆకుల మట్టం వద్ద తిరిగి కొలవాలి. నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్య భాగాలు, నడిమి భాగం కలిపి తొమ్మిది చోట్ల కొలిచి సగటు తీయాలి. మొక్కలు ఎదిగి దీపానికి దగ్గరవుతాయి కనుక వారానికోసారి ఈ పని చేయాలి.

మోతాదు దశను బట్టి కూడా మారుతుంది. మొలకెత్తిన నారుకు 150 నుంచి 200 మైక్రోమోల్‌లు, ఎదిగే ఆకుకూరలకు 200 నుంచి 300, పూత కాపు దశలోని టమాట, మిరపలకు 400 నుంచి 600 స్థూలంగా తగిన తీవ్రతలు. కణజాల వర్ధన గదిలో మందకాంతిలో పెరిగిన మొక్కల ఆకులపై మైనపు పొర పలుచగా ఉంటుంది, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. వాటిని ఒక్కసారిగా ఎక్కువ కాంతిలో పెట్టకుండా కొన్ని రోజుల పాటు మెల్లగా పెంచుతూ అలవాటు చేయాలి. తీవ్రత తక్కువైన చోట గంటలు పెంచి సర్దుకోవచ్చు గాని దానికీ హద్దుంది. నిరంతర వెలుతురులో టమాట ఆకులు పాలిపోతాయి. పాలకూర, కొత్తిమీర దీర్ఘ దినాలకు త్వరగా పూతకు వస్తాయి.

ఎదురయ్యే అభ్యంతరాలు

కాంతిని కొలిచే క్వాంటం మీటర్లు ఖరీదైనవని, చిన్న సాగుదారు వాటిని కొనలేడని ఒక అభ్యంతరం. అది నిజమే. అయితే ప్రతి రైతు ఇంట్లోనూ భూసార పరీక్షా పరికరం లేదు. నమూనా తెస్తే పరీక్షించి పెట్టే ఏర్పాటు ఉంది. కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ, ఏరువాక కేంద్రాల్లోనూ ఒక్కొక్క మీటరు ఉంచి, అవసరమైన వారి టెంట్‌లను కొలిచే ఏర్పాటు చేయడం అసాధ్యం కాదు. అంతవరకు తెల్లని ఎల్‌ఈడీల కింద మామూలు లక్స్ మీటరు ఒక అంచనా ఇవ్వగలదు. రీడింగును సుమారు 67తో భాగిస్తే మైక్రోమోల్‌లు వస్తాయి. పై ఉదాహరణలోని 243 మైక్రోమోల్‌లు దాదాపు 16,300 లక్స్‌తో సమానం. ఎరుపు, నీలం దీపాలు మాత్రమే ఉన్న ఊదా రంగు పలకల కింద మాత్రం ఈ లెక్క పనికిరాదు.

మొక్కను చూస్తే తెలిసిపోతుంది, మీటరు ఎందుకన్నది రెండవ అభ్యంతరం. అనుభవజ్ఞుని చూపుకు విలువ ఉంది. కాని కంటిపాప వెలుతురును బట్టి సర్దుకుంటుంది. 500 లక్స్ ఉన్న గది కంటికి కాంతివంతంగానే తోస్తుంది, మొక్కకు అది చీకటితో సమానం. అంతేగాక లక్షణాలు కనిపించే సరికి రోజులు గడిచిపోతాయి. పైగా అవి తప్పుదారి పట్టిస్తాయి. దీపానికి దగ్గరి పై ఆకులు తెల్లబడితే దానిని పోషక లోపంగా భావించి ఎరువు పెంచే ప్రమాదం ఉంది. నత్రజని లోపం అడుగు ఆకుల నుంచి మొదలవుతుంది. ఇనుము లోపంలో లేత ఆకుల ఈనెలు ఆకుపచ్చగా మిగిలి మధ్య భాగం పసుపుబారుతుంది. దీపం నడిమి భాగానికి సరిగ్గా కింద ఉన్న ఆకులే పాలిపోతే అనుమానించవలసింది కాంతిని. కొలత ఉంటేనే ఈ తేడా నిర్ధారణ అవుతుంది.

వరి, పత్తి, మిరప రైతుల సమస్యలే తీరనప్పుడు టెంట్‌ల గోల ఎందుకన్నది మూడవ అభ్యంతరం. విస్తరణ వ్యవస్థ ప్రాధాన్యం పొలానికే ఉండాలి, సందేహం లేదు. కాని ఈ అంశం విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలకూ సంబంధించినది. పంట తరాలను వేగవంతం చేసే స్పీడ్ బ్రీడింగ్ పద్ధతి రోజుకు 22 గంటల వరకు కృత్రిమ కాంతిని వాడుతుంది. అటువంటి పరిశోధనల్లో పాలుపంచుకోబోయే విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంలో ‘రెండు 50 వాట్ల ఎల్‌ఈడీల కింద పెంచబడినవి’ అని రాస్తే, ఆ ప్రయోగాన్ని మరొకరు మరో చోట తిరిగి చేయలేరు. తిరిగి చేయలేని ఫలితం ఎంత బాగున్నా శాస్త్రానికి చేర్పు కాదు.

చేయవలసినది

మార్పు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నియంత్రిత సేద్యంపై వెలువడే సిఫారసులలో వాట్లకు బదులు పంట వారీగా, దశ వారీగా పీపీఎఫ్‌డీ, వెలుతురు గంటలు, డీఎల్‌ఐ ఇవ్వాలి. విద్యార్థుల పరిశోధన పత్రాల్లో ఆకుల మట్టం వద్ద తొమ్మిది చోట్ల తీసిన సగటు, కనిష్ఠ విలువలను తప్పనిసరి చేయాలి. దీపం కొనేవారికి ఎన్ని వాట్లు అన్న ప్రశ్నకు ముందు ‘జౌల్‌కు ఎన్ని మైక్రోమోల్‌లు’ అని అడగడం నేర్పాలి.

మొదటిసారి టెంట్ కొన్నవారు అతిగా వెలిగించిన దీపం కింద మాడిన ఆకులను, పెరిగిన బిల్లును చూసి ఇంటిలోపల సేద్యమే పనికిరాదని వదిలేస్తారు. వారిని వెనక్కు పంపింది సాంకేతికత కాదు, తప్పుడు ప్రమాణంలో అందిన సలహా. ఎరువుకు, నీటికి, పురుగుమందుకు మోతాదు నేర్పిన విస్తరణ వ్యవస్థ కాంతికి కూడా అదే పని చేయవలసి ఉంది.