మోకాలికి ఫోటో తీసే ముందు లేచే తీరు చూడండి

నల్లగొండ జిల్లాలో నాట్లు, కలుపుతీతలు ముగిశాయంటే మోకాళ్ళు పట్టుకొని దవాఖానల ముందు కూర్చునే ఆడవారు ప్రతి ఊరి నుంచీ ఉంటారు. వంగి నాటు వేయడం, గొంతుక్కూర్చొని కలుపు తీయడం, తలమీద మూటతో గట్ల వెంట నడవడం, వీటన్నిటి భారం మోకాలి మీదనే పడుతుంది. ఆ మోకాలిని పరీక్షించే పద్ధతి మాత్రం సరిగా లేదు. బల్లకు అటు డాక్టరు, ఇటు రోగి. నొప్పి ఎక్కడ అని ఒక ప్రశ్న, ఎక్స్‌రేకు చీటీ, వారానికి సరిపడా నొప్పి బిళ్ళలు. ఊళ్ళోనైతే ఆ చీటీ కూడా ఉండదు, నేరుగా సూదిమందే. అందులో ఏ మందున్నదో కాగితం మీద రాసి ఇచ్చేవారు అరుదు. ఆమె కుర్చీలోంచి ఎలా లేచిందో, గడప ఎలా దాటిందో చూసేవారు లేరు.

ఎక్స్‌రే ఎముకను చూపుతుంది, కదలికను చూపదు. ఫోటోలో బాగా అరిగినట్టు కనిపించిన మోకాలితో రోజంతా పొలంలో తిరిగేవారున్నారు. అరుగుదల కొద్దిగానే ఉన్నా మంచం దిగడానికి గోడ పట్టుకొనేవారూ ఉన్నారు. ఈ తేడాకు తొడ, తుంటి కండరాల బలం ఒక ముఖ్య కారణం. బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శక సూత్రాలు ఇచ్చే ‘నైస్’ సంస్థ మాట చూడండి. 45 ఏళ్ళు దాటినవారికి పనిచేసినప్పుడు కీలు నొప్పి వస్తూ, ఉదయంపూట బిగుతు లేకుండా లేదా అరగంటకు మించకుండా ఉంటే, ఎక్స్‌రే లేకుండానే దానిని కీళ్ళ అరుగుదలగా నిర్ణయించవచ్చునంటోంది. ఎక్స్‌రే ఎన్నడూ వద్దని కాదు. దానికి డబ్బు పెట్టించే ముందు పైసా ఖర్చులేని పరీక్షలు చేయాలి.

అందులో మొదటిది కుర్చీ పరీక్ష. చేతులులేని గట్టి కుర్చీ, సుమారు 17 అంగుళాల ఎత్తుది, గోడకు ఆనించి వేయాలి. రోగి చేతులు ఛాతీమీద కట్టుకొని కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలిగిందో లెక్కపెట్టాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం 60–64 ఏళ్ళ ఆడవారు 12 సార్లకు, మగవారు 14 సార్లకు తగ్గితే కాళ్ళ బలం తక్కువగా ఉన్నట్టు. ఇవి అక్కడివారి అంకెలు. నేలమీద కూర్చొని లేచే అలవాటున్న మనవారికి అచ్చంగా సరిపోతాయని అనుకోరాదు. అయినా అదే మనిషిని రెండు నెలల తరువాత మళ్ళీ లేపి చూస్తే, బలం పెరిగిందో తగ్గిందో తెలిసిపోతుంది.

అంకె కంటే కదిలే తీరు ముఖ్యం. లేచేటప్పుడు బరువంతా ఒక కాలిమీదికే నెట్టుతున్నదా? మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయా? కూర్చునేటప్పుడు చివరి జానెడు దూరం ధబ్బున కూలబడుతున్నదా? అలా కూలబడితే శరీరం బరువును తొడ కండరం ఆపలేకపోతున్నదని అనుమానించాలి. ఎనిమిదంగుళాల మెట్టు ఉన్నచోట మరొకటి చూడవచ్చు. ఒక కాలిమీద మెట్టుపై నిలిచి, రెండవ కాలి మడమ నేలకు తాకేవరకు మెల్లగా దించి, మళ్ళీ పైకి రావాలి. మెట్టుమీది మోకాలు పాదం రెండవ వేలికి నేరుగా ఉండాలి. అది లోపలికి కూలినా, నడుము ఒక పక్కకు ఒరిగినా, మనిషి చేతులు ఊపుకొని నిలదొక్కుకొన్నా కదలికలో లోపమున్నట్టే. ఇది వయసు మళ్ళినవారికి పెట్టే పరీక్ష కాదు, పెట్టవలసివస్తే పక్కన పట్టుకొనే మనిషి ఉండాలి. కబడ్డీ ఆడే పిల్లలకు మాత్రం తప్పక చేయదగినది.

ఇలాంటి పరీక్షలు మన జిల్లాకు కొత్తవేమీ కావు. నేలమీది నాణెం మోకాళ్ళు వంచకుండా తీయమనడం, గదవను ఛాతీకి ఆనించమనడం ఫ్లోరోసిస్‌ను అనుమానించడానికి వాడుకలో ఉన్న పరీక్షలే. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లోరైడు నీళ్ళ పల్లెలలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంకరపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. కనుక ఇక్కడ మరింత జాగ్రత్త కావాలి. ఊరకే నిలబడినప్పుడే మోకాలు వంకరగా ఉంటే అది ఎముకది. నిలబడితే తిన్నగా ఉండి, బరువు పడినప్పుడు లోపలికి వాలితే అది చాలావరకు కండరానిది, కదిలే అలవాటుది. మొదటిది వ్యాయామంతో తిన్నబడదు, రెండవది చాలామందిలో మెరుగుపడుతుంది. ఈ రెంటినీ ఒకే బిళ్ళతో సరిపెట్టడం అన్యాయం.

తెలిసి ఏం లాభం, పని మానగలమా అని కొందరు అడుగుతారు. పని మానమని ఎవరూ అనడం లేదు. మంచంమీద కూర్చొని కాలు తిన్నగా చాచి కొన్ని లెక్కలు నిలిపి దించడం, ఎత్తు పీటమీద నుంచి చేతి సాయం లేకుండా లేవడం, వారానికి కొన్ని రోజుల చొప్పున రెండు మూడు నెలలు చేస్తే నొప్పి తగ్గినవారు చాలామంది ఉంటారు. కీళ్ళ అరుగుదలకు మొదటి వైద్యం వ్యాయామమేనని ‘నైస్’ కూడా చెబుతోంది. నెలల తరబడి నొప్పి బిళ్ళలు మింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు.

మోకాలు వాచి వేడిగా ఉన్నా, జ్వరం తోడైనా, పడిన తరువాత కాలు మోపలేకపోయినా, కీలు మధ్యలో పట్టేసి కదలకపోయినా ఈ పరీక్షలు పెట్టుకోరాదు, వెంటనే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి.

30 ఏళ్ళు దాటినవారికి బి.పి., షుగరు చూసే కార్యక్రమం ఊళ్ళలో ఉంది. ఏ.ఎన్.ఎం.లకు, ఆశా కార్యకర్తలకు ఒక పూట శిక్షణ ఇస్తే మోకాలి పరీక్ష కూడా వారు చేయగలరు. మనిషికి ఐదు నిమిషాలు చాలు. జిల్లా వైద్యాధికారులు ఈ విషయం ఆలోచించాలి. అంతవరకు, ఊళ్ళో పెట్టే వైద్య శిబిరంలో బి.పి. మిషను పక్కన ఒక గట్టి కుర్చీ, ఒక గడియారం ఉంచమని సర్పంచులు అడగాలి.