తూకం కళ్లంలోనే ముగియాలి

గజపతినగరం చుట్టుపక్కల వరి నూర్పులు మొదలయ్యాయంటే కళ్లాల దగ్గర ఒకే వాదన నడుస్తుంది. సర్కారు కొనుగోలు ఇలాగే ఉండాలా, తీసేసినా ఫరవాలేదా? రైతు సేవా కేంద్రంలో పేరు రాయించుకుని, తేమ చూపించుకుని, గోనె సంచుల కోసం తిరిగి, చివరికి మిల్లు గేటు ముందు ట్రాక్టరుతో పడిగాపులు పడేకంటే, కళ్లంలోకే వచ్చి డబ్బు చేతిలో పెట్టే షావుకారే నయమన్నది ఒక పక్షం. ఆ షావుకారు ఆ మాత్రం ధరైనా పలుకుతున్నాడంటే ఊళ్లో సర్కారు కొనుగోలు ఉండబట్టేనన్నది రెండో పక్షం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే ఇద్దరూ ఒక సంగతిని దాటేస్తున్నారు. కాగితం మీద రైతు ధాన్యం అమ్మేది పౌరసరఫరాల సంస్థకు. తూకం, తేమ, తరుగు ఆఖరుగా తేలేది మాత్రం మిల్లులో. కొన్నవాడు ఒకడు, కాటా పట్టినవాడు ఇంకొకడు. ఈ ముడి విప్పకుండా సంస్థను ఉంచితే రైతుకు దక్కేది కొంచెమే, తీసేస్తే ఆ కొంచెమూ పోతుంది. అందుకే నా వాదన ఇది: ఉమ్మడి కొనుగోలు ఉండి తీరాలి, కానీ అమ్మకం కళ్లంలోనే, ఊరి సొసైటీ కాటా మీదే పూర్తవాలి. ఆ సొసైటీని నడిపేవాళ్లను రైతులే ఎన్నుకోవాలి.

ఈ ముడి నిన్నమొన్న పడింది కాదు. 1965లో భారత ఆహార సంస్థ మొదలైంది, 1974లో రాష్ట్రానికి పౌరసరఫరాల సంస్థ వచ్చింది. అయినా దశాబ్దాల పాటు సర్కారు ఎక్కువగా కొన్నది బియ్యమే. మిల్లరు రైతు దగ్గర ధాన్యం కొని ఆడించి, అందులో నిర్ణీత వాటాను లెవీగా అప్పగించేవాడు. మన రాష్ట్రంలో ఆ వాటా ఒక దశలో 75 శాతం దాకా ఉండేది. రైతుకు మద్దతు ధర అందిందా లేదా అన్నది మిల్లరు చూపే కాగితాల్లోనే తేలేది. 2014 అక్టోబరులో కేంద్రం లెవీని 25 శాతానికి కుదించి, 2015 అక్టోబరు నుంచి ఎత్తేసింది. ఈలోగా ఇంకో దారి కూడా పడింది. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఆ పథకంలో పుట్టిన మహిళా సంఘాలే తర్వాత ఇందిరా క్రాంతి పథం కేంద్రాలుగా ధాన్యం కొన్నాయి. చదువు అంతంతమాత్రమైన ఆడవాళ్లు కాటా దగ్గర నిలబడి లెక్క రాసి, రైతుకు చీటీ ఇచ్చారు. ఊరి సంఘం ధాన్యం కొనలేదని ఇప్పుడు అనేవాళ్లు ఆ అనుభవాన్ని మరిచిపోకూడదు. 2020లో రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. 2022 ఖరీఫ్ నుంచి మిల్లరు ప్రమేయం లేకుండా కొంటామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. 2024 తర్వాత వాటి పేరు రైతు సేవా కేంద్రాలుగా మారింది, వాట్సాప్‌లో నమోదు వచ్చింది, డబ్బు 48 గంటల్లో వేస్తామన్న హామీ వచ్చింది. అంతకు ముందు గడువు 21 రోజులు; అదీ నిలవక, 2024 వేసవి నాటికి రైతులకు 1,674 కోట్ల రూపాయల బకాయి పడింది. చెల్లింపు వేగం పెరగడం చిన్న మేలు కాదు. సంక్రాంతికి ముందు డబ్బు అందడానికి, తర్వాత అందడానికి ఎంత తేడా ఉందో అప్పు తెచ్చి ఊడ్చిన ప్రతి ఇంటికీ తెలుసు. కానీ పేర్లు ఎన్ని మారినా ఆఖరి కాటా మిల్లులోనే ఉండిపోయింది.

ఆ కాటా ఖరీదు ఎంతో లెక్క వేయవచ్చు. నిబంధన ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. మంచు కురిసే నెలల్లో, ఆరబోసే చోటు లేని రైతు ధాన్యం ఆ గీత దాటుతుంది. దాటిన మేరకు తగ్గించమనడం న్యాయమే. ఎంత తగ్గించాలన్నది మాత్రం బేరం మీద ఆధారపడే విషయం కాదు. ఉత్తరాంధ్రలో వ్యాపారం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. 20 శాతం తేమ ఉన్న బస్తాలో పొడి సరుకు 64 కిలోలు. అదే ధాన్యం 17 శాతానికి ఆరితే 77 కిలోలు తూగుతుంది. అంటే ఒక్కో శాతం అదనపు తేమకు తగ్గేది సుమారు ఒక కిలో. ఈ లెక్క ముందు పెట్టుకుంటే, 17 శాతంలోపు ఆరిన ధాన్యానికి కూడా బస్తాకు మూడు కిలోలు అదనంగా పోయమన్నప్పుడు అది తేమ తరుగు కానే కాదని, ధరలో కోతేనని తేటతెల్లమవుతుంది. 2024-25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,300 రూపాయలు, 2025-26లో 2,369. ఏడాదికి పెరిగిన 69 రూపాయలు 80 కిలోల బస్తాకు 55 అవుతాయి. మూడు కిలోల ధాన్యం విలువ 71 రూపాయలు. ఢిల్లీలో ఏడాదంతా లెక్కలు కట్టి పెంచిన ధర మొత్తం మిల్లు గేటు దగ్గర ఒక్క మాటతో పోయి, రైతే ఎదురు 16 రూపాయలు ఇచ్చుకున్నట్టవుతుంది. ఎకరాకు 25 బస్తాలు పండిస్తే పోయేది 75 కిలోలు, ఇంచుమించు ఒక బస్తా. వద్దని తిరిగి రావడానికి రైతుకు వీలుండదు. ట్రాక్టరు అద్దెది, ఆగిన ప్రతి పూటకూ కిరాయి పెరుగుతుంది, వెనక్కి తెస్తే దించడానికి మళ్లీ హమాలీ ఖర్చు. సరుకు ఊరు దాటిన క్షణంలోనే బేరమాడే శక్తి చేయి మారిపోతోంది. తూకం కళ్లంలోనే ముగియాలనడానికి మొదటి కారణం ఇదే.

మిల్లర్ల వాదననూ కొట్టిపారేయకూడదు. క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు వాళ్లు తిరిగి అప్పగించాలి. వానకు తడిసిన ఏడాది గింజ విరిగి నూకలు ఎక్కువవుతాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నాటి ధాన్యం అలాంటిదే. మరాడించినందుకు కేంద్రం లెక్కగట్టే ఛార్జీ పచ్చి బియ్యానికి క్వింటాకు 10 రూపాయలు, ఉప్పుడు బియ్యానికి 20; ఏళ్లు గడిచినా అది కదలలేదు. తవుడు, ఊక, నూకలు మిల్లుకే మిగులుతాయి కాబట్టి సరిపోతుందని ఢిల్లీ లెక్క. పైగా బ్యాంకు గ్యారంటీ ఎంతకు ఇస్తే అంతకే ధాన్యం కేటాయిస్తారు. అది నిండితే మిల్లు తలుపు మూస్తుంది, ట్రాక్టర్లు రోడ్డు మీద ఆగుతాయి. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ ఇవి మిల్లరుకూ సర్కారుకూ మధ్య తేలవలసిన పద్దు. గింజ విరుగుడు ఎంతో ప్రతి సీజనులో రకం వారీగా ఆడించి చూడవచ్చు. శ్రీకాకుళం సన్నాల వంటి రకాన్ని ఇచ్చిన రాగోలు పరిశోధన స్థానం మనకు దగ్గరలోనే ఉంది. ఆ ఫలితాన్ని బట్టి ఛార్జీ పెంచాలో, అప్పగించే బియ్యం శాతం సవరించాలో సర్కారే తేల్చుకోవాలి. ఆ పని చేయకుండా ఊరుకుంటే తేడా అంతా రైతు బస్తాలోంచి వెళ్తుంది, ఇప్పుడు జరుగుతున్నది అదే.

అసలు ఈ తలనొప్పంతా ఎందుకు, రైతును స్వేచ్ఛగా అమ్ముకోనివ్వండి అనే వాదన వినడానికి బాగుంటుంది. గజపతినగరం రైతుకు ఆ స్వేచ్ఛ ఇప్పుడూ ఉంది. షావుకారుకు అమ్మవద్దని ఏ చట్టమూ అనలేదు. సర్కారు కొనుగోలు తీసేస్తే కొత్తగా వచ్చే స్వేచ్ఛ ఏమీ లేదు, ఉన్న రెండు దారుల్లో ఒకటి మూతపడుతుందంతే. బీహారు 2006లో తన మార్కెట్ చట్టాన్నే రద్దు చేసింది. ప్రైవేటు మార్కెట్లు వెల్లువెత్తుతాయన్నారు, రాలేదు. అక్కడి ధాన్యం రైతు నేటికీ సొసైటీ కొంటే మద్దతు ధర, కొనకపోతే వ్యాపారి చెప్పిన ధర అన్నట్టే ఉన్నాడు. మన జిల్లాలోనే మొక్కజొన్నను చూడండి. 2020 వేసవిలో లాక్‌డౌన్ వేళ వ్యాపారం స్తంభిస్తే, 1,760 రూపాయల మద్దతు ధరకు మార్క్‌ఫెడ్ కొనబట్టి రైతు నిలబడ్డాడు. దేశంలో సర్కారుకు పంట అమ్మే రైతులు 6 శాతమేనని 2015లో శాంతకుమార్ కమిటీ చెప్పిన మాటను ఈ వ్యవస్థ పనికిరాదనడానికి వాడుకుంటున్నారు. ఆ కమిటీయే ఆంధ్రప్రదేశ్‌ను కొనుగోలులో అనుభవం గడించిన రాష్ట్రాల వరుసలో చేర్చింది. ఆహార సంస్థ తప్పుకుని ఆ పనిని ఇలాంటి రాష్ట్రాలకే వదిలేయాలంది.

కెనడా గోధుమ రైతుల కథ మనకు పనికొచ్చే పాఠం. 1935లో ఏర్పడిన వాళ్ల గోధుమ బోర్డు 1943 నుంచి పశ్చిమ కెనడా గోధుమను అమ్మే ఏకైక సంస్థ. చివరి సంవత్సరాల్లో దాని 15 మంది డైరెక్టర్లలో 10 మందిని రైతులే ఎన్నుకునేవారు. బోర్డు ఉండాలా వద్దా అని అక్కడా రైతుల మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2011లో బోర్డు ఓటింగ్ పెడితే ఓటేసిన గోధుమ రైతుల్లో 62 శాతం, బార్లీ రైతుల్లో 51 శాతం ఉమ్మడి అమ్మకం కొనసాగాలన్నారు. అయినా ప్రభుత్వం చట్టం చేసి 2012 ఆగస్టు 1 నుంచి ఆ అధికారాన్ని తీసేసింది. 2015కల్లా అందులో సగానికి మించిన వాటా ఒక బహుళజాతి ధాన్యం కంపెనీ, సౌదీ పెట్టుబడి సంస్థల చేతికి పోయింది. రైతుకు ఇంకెవరికీ అమ్మే వీలివ్వని ఏకాధికారం మంచిదా కాదా అన్నది అక్కడి వివాదం. మన దగ్గర అలాంటి బలవంతం లేదు కాబట్టి ఆ అభ్యంతరమే పుట్టదు. పోలిక ఇంకోచోట ఉంది. వాళ్లకు బోర్డులో ఓటు ఉండేది, అందుకే తమ మాట లెక్కపెట్టి చూపించగలిగారు. ఒకసారి అమ్ముడుపోయిన ఉమ్మడి సంస్థ మళ్లీ రైతు చేతికి రాలేదు. మన పౌరసరఫరాల సంస్థలో రైతు ఓటుతో వచ్చిన డైరెక్టరు ఒక్కరూ లేరు. రేపు దాన్ని కుదించినా మూసినా మన అభిప్రాయం అడగవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ఊరిలోనే తూకం తెగడం సాధ్యమేనా అంటే, గజపతినగరం స్టేషను మీదుగా రాయపూర్ వెళ్లే రైలెక్కితే జవాబు దొరుకుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం కొనేది సహకార సొసైటీలు. రైతు తన సొసైటీ కేంద్రానికి తెస్తాడు, అక్కడే కాటా వేస్తారు, అక్కడితో అతని బాధ్యత తీరిపోతుంది. మిల్లులు తర్వాత వచ్చి కేంద్రం నుంచి ఎత్తుకుంటాయి. క్వింటాకు 3,100 రూపాయలు ఇస్తున్నారని మనవాళ్లు అసూయపడేది ఆ రాష్ట్రం గురించే, పక్కనున్న ఒడిశా గురించే. నాకు ఆ ధర కంటే అక్కడి కాటా ఉన్న చోటు ముఖ్యం. అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందనను. మిల్లులు ఆలస్యంగా ఎత్తితే ఆరుబయట ధాన్యం ఎండి తూకం తగ్గుతుంది, ఆ నష్టం సొసైటీ నెత్తిన పడుతుందన్న ఫిర్యాదు ఏటా ఉంది. మనం ఆ పద్ధతి తెచ్చుకుంటే దానికో గడువు, గడువు దాటితే నష్టం ఎవరిదన్న రాత ముందే ఉండాలి. నష్టం సంస్థ మీద పడాలి, ఎందుకంటే మిల్లును కదిలించగల అధికారం దానికే ఉంది. సంస్థకే దాదాపు 40 వేల కోట్ల అప్పుందని 2024లో ప్రభుత్వమే చెప్పింది కదా, ఇంకా భారమా అనవచ్చు. ఆ అప్పు ధాన్యం కొనడానికి ముందుగా డబ్బు తెచ్చి, రాయితీ డబ్బు ఆలస్యంగా అందుకోవడం వల్ల పేరుకున్నది. ఇవ్వవలసినవాళ్లు సకాలంలో ఇస్తే తగ్గేది, రైతు బస్తా కోస్తే తగ్గదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం సొసైటీల మీదే. అవి పార్టీల చేతిలో ఉన్నాయి, కాటా వాళ్లకిస్తే మిల్లరు బదులు ఊరి పెద్ద కోస్తాడు అంటారు. ఈ భయం ఊరికే రాలేదు. పక్కనే జామి మండలంలో భీమసింగి సహకార చక్కెర కర్మాగారం రైతుల వాటా ధనంతో నిలిచి, చివరికి గానుగ ఆగిపోయి, చెరకు వేరే దారి చూసుకోవలసి వచ్చింది. సహకారం అంటేనే ఈ ప్రాంతంలో నిట్టూర్పు వినిపించడానికి అదొక కారణం. అయితే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు ఎన్నికలు చివరిసారి జరిగింది 2013లో. ఆ పాలకవర్గాల గడువు 2018లో తీరాక, ఎవరు అధికారంలో ఉంటే వాళ్లు నియమించిన కమిటీలే నడుపుతున్నాయి. రైతుకు దించే హక్కు లేని చోట చెడిపోయిందని చెప్పి, ఆ హక్కు ఇవ్వడమే వద్దనడం ఏ తర్కం? ఊరి కమిటీ తూకంలో మోసం చేస్తే ఊరంతటికీ వారంలో తెలుస్తుంది, వచ్చే ఎన్నికలో దించవచ్చు. మిల్లు యజమానిని దించే ఓటు రైతుకు ఎప్పటికీ ఉండదు. రైతు ఉత్పత్తిదారుల సంస్థలతో కొనిపించాలన్నా నాకు అభ్యంతరం లేదు, వాటికీ ఇదే షరతు వర్తిస్తే చాలు.

అందుకే వచ్చే ఖరీఫ్ కంటే ముందు అడగవలసినవి కొన్నే. శాతానికి కిలో చొప్పున తేమ పట్టిక ప్రతి కేంద్రంలో గోడ మీద రాయాలి. కళ్లంలో వేసిన తూకమే ట్రక్ షీట్‌లో ఆఖరు తూకం కావాలి, మిల్లులో తేడా వస్తే తగవు సంస్థతో పడాలి. సొసైటీలకు ఎన్నికలు పెట్టాలి. ఎన్నికలంటే ఓటర్ల జాబితా ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఈ మండలాల్లో పొలం దున్నేవాళ్లలో కౌలుదార్లు తక్కువేమీ కాదు. 2019 చట్టం కింద భూ యజమాని సంతకం చేస్తేనే వాళ్లకు సాగు హక్కు కార్డు; సంతకం పెట్టడానికి చాలామంది యజమానులు వెనకాడతారు. కార్డు లేనివాడి ధాన్యం యజమాని పేరు మీదో, షావుకారు పేరు మీదో వెళ్తోంది, డబ్బు చుట్టు తిరిగి వస్తోంది. ఈ-పంటలో సాగుదారుగా నమోదైన ప్రతి ఒక్కరికీ నామమాత్రపు రుసుముతో సొసైటీ సభ్యత్వం, ఓటు ఇవ్వాలి. జాబితా అచ్చయ్యాక చేసే సవరణ ఈ విడత ఎన్నికకు పనికిరాదు కాబట్టి, ఆ ఉత్తర్వు ఎన్నికల ప్రకటన కంటే ముందే రావాలి.