సరస్సు అడుగున పంచాంగం

మరమగ్గాల చప్పుడు మధ్య బ్రతికేవారికి నేల కొద్దిగా అదరడం వింత కాదు. కాని 2001 జనవరి 26న కచ్ ప్రాంతంలో భూమి కంపించినప్పుడు, మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న సూరత్‌లో సైతం ఇళ్ళు కూలి ప్రాణనష్టం జరిగింది. తెలంగాణ నుండి తరలివెళ్ళిన నేతకుటుంబాలెన్నో స్థిరపడిన నగరమది. అక్కడి ఖటోదరా వంటి పేటలలో ఇంటిమీద అంతస్తు లేపుకునేవారికి ఒక ప్రశ్న తప్పదు: ఇటువంటి విపత్తు ఎన్నేళ్ళకొకసారి వస్తుంది?

మనుషులు వ్రాసి ఉంచిన చరిత్ర ఇందుకు చాలదు. 1819లో వచ్చిన కచ్ భూకంపం సింద్రీ కోటను నీట ముంచి, అల్లాబంద్ అనే గట్టును పైకెత్తింది. చూచినవారు వ్రాసిపెట్టారు గనుక మనకు తెలిసింది. వ్రాతలు లేనిచోట సరస్సులే సాక్ష్యం చెప్పాలి. శాస్త్రజ్ఞులు అవక్షేపమనీ, మన రైతులు ఒండ్రు అనీ పిలిచే మట్టి ఏటేటా సరస్సుల అడుగున పొరలుగా పేరుకుంటుంది.

ఆ పొరల వయస్సు చెప్పేది సీసం-210. నేలలోని రేడియం నుండి రాడాన్ వాయువు పుట్టి గాలిలోకి వెళ్తుంది. అది క్షీణించగా ఏర్పడిన సీసం వానతో సరస్సులో పడుతుంది. సుమారు 22 ఏళ్ళకు అది సగమవుతుంది, మరి 22 ఏళ్ళకు పావువంతే మిగులుతుంది. మిగిలినదాన్ని కొలిస్తే నూరు, నూటయాభై ఏళ్ళ లెక్క తేలుతుంది. 1971లో ఈ పద్ధతిని సరస్సులకు అన్వయించి చూపిన వారిలో మన కృష్ణస్వామి, దేవేంద్ర లాల్ ఉన్నారు. వారు ఫ్రెంచి సహచరులతో కలిసి పరిశీలించిన సరస్సులలో పావిన్ ఒకటి. అది అగ్నిపర్వత బిలంలో ఏర్పడినది.

అయితే కంపించే నేలపై ఈ లెక్క తేలికగా తప్పుతుంది. భూకంపానికి గట్లు జారితే కొన్ని గంటలలోనే మందమైన బురదపొర పేరుకుంటుంది. అది నెమ్మదిగా పేరుకున్నదని భ్రమిస్తే, లేని దశాబ్దాలు లెక్కలోకి వస్తాయి. అగ్నిపర్వతపు బూడిద కూడా అంతే. పైగా నేల పగుళ్ళ నుండి రాడాన్ అదనంగా వెలువడవచ్చు. కనుక ఒక్క సాక్షిని నమ్మరాదు. అణ్వస్త్ర పరీక్షల వలన 1963 ప్రాంతంలో అత్యధికంగా పడిన సీసియం-137ను, 1980లో సెయింట్ హెలెన్స్ పర్వతం చిమ్మినటువంటి, తేదీ తెలిసిన బూడిదను తోడుసాక్షులుగా పిలవాలి.

1819 నాటి పొరలో ఆ సీసం అయిదు వందలలో ఒక వంతు కూడా మిగలలేదు. మరి దీనివల్ల ప్రయోజనమేమి? తేదీ తెలిసిన భూకంపం బురదలో ఎటువంటి ముద్ర వేస్తుందో తెలిస్తే, అటువంటి ముద్రను మరింత లోతున, చరిత్రకెక్కని కాలాలలోనూ గుర్తించవచ్చు. ఒక విపత్తుకూ మరొక విపత్తుకూ మధ్య ఎడమెంతో అప్పుడు తెలుస్తుంది. రేపటి భూకంపం తేదీని ఏ సరస్సూ చెప్పదు. గోడ ఎంత గట్టిగా కట్టాలో మాత్రం చెప్పగలదు.