సహకార సంఘాలలో పోస్టల్ బ్యాలెట్: కవరు ఎవరి చేతుల మీదుగా ప్రయాణించాలి?

సహకార సంఘంలో అంతిమాధికారం మహాజనసభదేనని చట్టాలూ ఉపవిధులూ ఏకకంఠంతో చెబుతాయి. ఒక సభ్యునికి ఒకే ఓటు అన్న నియమం 1844 నాటి రాచ్‌డేల్ సంఘం ద్వారా ప్రసిద్ధికెక్కింది. సభ్యుల ప్రజాస్వామిక నియంత్రణ 1995లో అంతర్జాతీయ సహకార కూటమి ప్రకటించిన ఏడు సూత్రాలలో రెండవది. అయితే ఆ ఓటు వేయడానికి సభ్యుడు ఎక్కడికి రావాలి, ఏ రోజున రావాలి, రాలేనివాని ఓటు ఏమవుతుంది అన్న ప్రశ్నలకు సూత్రంలో సమాధానం దొరకదు. అది నియమాలలో ఉండవలసిన విషయం. పంటల యాజమాన్యం, మార్కెటింగ్, పెట్టుబడి గురించి రైతు సంఘాలకు ఎంతో శిక్షణ ఇస్తున్న విస్తరణ రంగం ఈ నియమాల గురించి మాట్లాడింది చాలా తక్కువ.

హైదరాబాదులో తార్నాక కూడలి నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు సాగే రహదారి ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి అనువైన చోటు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సీసీఎంబీ ఈ పరిసరాలలోనే ఉన్నాయి. ఇటువంటి సంస్థల ఉద్యోగులకు పొదుపు పరపతి సంఘాలు, గృహనిర్మాణ సంఘాలు కొత్త కాదు. సంఘం పుట్టిన నాడు సభ్యులందరూ ఒకే ఆవరణలో పనిచేస్తుంటారు. మధ్యాహ్న భోజన విరామంలో సభ పెట్టినా కోరం సరిపోతుంది. ముప్పై ఏళ్లు గడిచేసరికి కొందరు బదిలీపై వెళ్లిపోతారు, కొందరు పదవీ విరమణ చేసి సొంతూరు చేరతారు, మరికొందరు విదేశాలలో ఉన్న పిల్లల దగ్గర ఉంటారు. సభ మాత్రం పాత ఆవరణలోనే జరుగుతుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ ఇదే వరస. రాజేంద్రనగర్‌లో సభ జరిగితే పాలెంలోనో జగిత్యాలలోనో పరిశోధన స్థానంలో ఉన్న ఉద్యోగి ఒక పూట సభ కోసం ఒక రోజు ప్రయాణం చేయాలి.

తార్నాకకు చేరువలోనే ఉన్న లాలాపేటలో విజయ పాల సమాఖ్య కార్యాలయం ఉంది. ఆ పాలు వచ్చే గ్రామాలలో సమస్యకు మరో రూపం కనిపిస్తుంది. పాడి రైతు దినచర్య ఉదయం పాలు తీయడంతో మొదలై సాయంత్రం పాలు తీయడంతో ముగుస్తుంది. ఈ రెండింటి మధ్య దూరప్రాంతంలో జరిగే సభకు వెళ్లి రావడం, అందులోనూ మహిళలకు, సులభం కాదు. గేదెను చూసుకునేది ఆమె, సభకు వెళ్లేది ఆయన. సభ్యత్వం ఆమె పేరు మీద ఉన్నప్పటికీ ఈ పరిస్థితి అంతగా మారదు. ఇక ఉత్తర తెలంగాణ గ్రామాలలో సభ్యత్వ రిజిస్టరు తిరగేస్తే గల్ఫ్ దేశాలలో ఉన్నవారి పేర్లు కనిపిస్తాయి. పాలమూరులో వలస వెళ్లినవారి పేర్లు కనిపిస్తాయి.

రాని సభ్యులు అంగీకరించినట్టేనని భావించడం సంఘాలకు అలవాటైపోయింది. ఈ అలవాటు ఎంతవరకు తీసుకువెళ్తుందో చిన్న లెక్క చాలు. 2020లో ప్రారంభమైన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం ప్రకారం మైదాన ప్రాంతంలో ఒక సంస్థకు కనీసం 300 మంది సభ్యులుండాలి. అది ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైతే సర్వసభ్య సమావేశపు కోరం మొత్తం సభ్యులలో నాలుగో వంతు, అంటే 75 మంది. ఆ 75 మందిలో 38 మంది చేతులెత్తితే సాధారణ తీర్మానం ఆమోదం పొందుతుంది. ఎనిమిదింట ఒకవంతు కంటే కొంచెం ఎక్కువమంది మూడు వందల మందిని కట్టిపడేస్తారు. సహకార సంఘాలలో చాలాచోట్ల కోరం లేక వాయిదాపడ్డ సభ మళ్లీ జరిగినప్పుడు కోరం అవసరమే లేదని ఉపవిధులు చెబుతాయి. అప్పుడు ఈ లెక్క కూడా మిగలదు.

ఈ పరిస్థితికి పోస్టల్ బ్యాలెట్ ఒక పరిష్కారమని వాదించేవారికి చట్టంలో మొదటి అడ్డంకి ఎదురవుతుంది. 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం సభ్యుడు స్వయంగా ఓటు వేయాలనీ, ప్రాక్సీ ద్వారా వేయరాదనీ చెబుతుంది. ప్రాక్సీని నిషేధించడం సరైనదే. పలుకుబడి గలవాడు పదిమంది ప్రాక్సీలను జేబులో వేసుకుని సభకు వస్తే ఒక సభ్యునికి ఒక ఓటు అన్న మాటకు అర్థముండదు. అయితే ప్రాక్సీ వేరు, పోస్టల్ బ్యాలెట్ వేరు. మొదటిదానిలో నిర్ణయం వేరొకరిది. రెండవదానిలో నిర్ణయం సభ్యునిదే, ప్రయాణం మాత్రం కాగితానిది. ఈ వాదనలో బలం ఉన్నా, ‘స్వయంగా’ అన్న పదాన్ని వ్యాఖ్యానంతో సాగదీసి ఎన్నికలు జరిపితే ఓడినవారు ట్రిబ్యునల్‌కు వెళ్లక మానరు. చట్టసభ ఆ పదాన్ని సవరించడమే మేలు. 97వ రాజ్యాంగ సవరణలోని సహకార భాగాన్ని బహుళ రాష్ట్ర సంఘాలకు తప్ప మిగిలినవాటికి వర్తించకుండా సుప్రీంకోర్టు 2021 జులైలో కొట్టివేసిన తరువాత, రాష్ట్ర స్థాయి సంఘాలపై శాసనాధికారం రాష్ట్రాలదేనని స్పష్టమైంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తలచుకుంటే 1964 చట్టంలో ఈ మార్పు తేవచ్చు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘాలు, ఆ చట్టానికి లోబడి, తమ ఉపవిధుల ద్వారానే ప్రయోగం మొదలుపెట్టవచ్చు.

ఎన్నికలే సకాలంలో జరగని చోట పోస్టల్ బ్యాలెట్ గురించి చర్చ ఎందుకని అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. తెలంగాణలో 2020 ఫిబ్రవరిలో ఎన్నికైన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2025 ఫిబ్రవరిలో ముగిస్తే, ఎన్నికలకు బదులు గడువు పొడిగింపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఎన్నికల తరువాతి కథ నియమిత త్రిసభ్య కమిటీలది. ఈ రోగానికి కవరు మందు కాదు. కానీ సంఘం తన ఉపవిధిని మార్చుకోవాలన్నా, ఆస్తి అమ్మాలన్నా, మరో సంఘంలో విలీనం కావాలన్నా సభ్యుల అభిప్రాయం తీసుకోవలసిందే. పోస్టల్ బ్యాలెట్‌ను మొదట ఇటువంటి ‘అవును’, ‘కాదు’ ప్రశ్నలకే పరిమితం చేయడం వివేకం. పాలకవర్గ ఎన్నికకు దాన్ని వాడినప్పుడు కవర్లను పోగుచేసుకోవాలన్న ఆశ అభ్యర్థులకు కలుగుతుంది. పోస్టల్ బ్యాలెట్‌తో ఎన్నికలు జరిగే వృత్తి సంఘాలలో తరచు వినిపించే ఫిర్యాదు ఒక్కటే: ఖాళీ బ్యాలెట్లను అభ్యర్థుల మనుషులు ఇంటింటికీ తిరిగి తీసుకుపోయారని.

ఒక గ్రామానికో, నాలుగైదు పక్క గ్రామాలకో పరిమితమైన సంఘానికి ఈ పద్ధతి అక్కరలేదు. 1956లో మొదలైన ముల్కనూరు సంఘం వంటివి సభ్యుని ఇంటికి దగ్గరగా ఉండడం వల్లే బలపడ్డాయి. నడిచి వెళ్లగలిగే సభను కాదని కవరు పంపడం సభను బలహీనపరచడమే.

ఎందుకంటే కవరు ఓటును మోసుకురాగలదు, చర్చను మోసుకురాలేదు. సభలో ఒక వృద్ధ రైతు లేచి అడిగిన ప్రశ్న పదిమంది ఓటును మార్చవచ్చు. ఇంట్లో ఒంటరిగా కవరు విప్పిన సభ్యునికి పాలకవర్గం రాసిన వివరణ తప్ప వేరే మాట వినబడదు. న్యూజిలాండ్ పాడి రైతుల సహకార సంస్థ ఫాంటెరా తన మూలధన నిర్మాణాన్ని మార్చుకున్న తీరు ఇక్కడ గమనించదగినది. 2021 మే నెలలో ప్రతిపాదనను రైతుల ముందుంచి, నెలల తరబడి అభిప్రాయాలు విని, సెప్టెంబరులో దాన్ని సవరించి, డిసెంబరులో ఓటుకు పెట్టింది. ఆమోదానికి 75 శాతం మద్దతు అవసరం కాగా 85 శాతానికి పైగా వచ్చింది. అక్కడ ఓటు విలువ పాల ఉత్పత్తిని బట్టి ఉంటుంది కనుక ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోలేము. అనుసరించవలసినది వరుసక్రమాన్ని: ముందు సభలు, తరువాత సవరణ, ఆ తరువాతే ఓటు. సభ జరిగి, అక్కడ వ్యక్తమైన వ్యతిరేక వాదన కూడా ఒక పేజీగా ముద్రితమై బ్యాలెట్‌తో పాటు వెళ్లాలని ఉపవిధిలో రాసుకోవాలి. వ్యతిరేకించినవారి మాటలను పాలకవర్గం కుదించకూడదు. పదాల పరిమితి ఇరుపక్షాలకూ ఒకటే ఉండాలి.

ఇక కవరు సంగతి. దేశంలో ఇందుకు నమూనా లేకపోలేదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు పోస్టల్ బ్యాలెట్‌కు రెండు కవర్లను నిర్దేశించాయి. ఓటు గుర్తు పెట్టిన బ్యాలెట్ లోపలి కవరులో ఉంటుంది. ఆ కవరునూ, ఓటరు సంతకంతో ధ్రువీకరించిన ప్రకటన పత్రాన్నీ కలిపి వెలుపలి కవరులో పెడతారు. లెక్కింపులో ముందు వెలుపలి కవరు విప్పి ప్రకటనను పరిశీలిస్తారు. ప్రకటన లేకున్నా, సంతకం సరిగా లేకున్నా, వరుస సంఖ్య సరిపోలకున్నా లోపలి కవరును విప్పరు. ఓటరెవరో తేలేది ఒక దశలో, ఓటేమిటో తెలిసేది మరో దశలో. అమెరికా వ్యవసాయ శాఖ కౌంటీ రైతు కమిటీలకు పోస్టు ద్వారా జరిపే ఎన్నికలలో కూడా రైతు సంతకం వెలుపలి కవరు మీదనే ఉంటుంది. ఒకే కవరులో పేరూ, ఓటూ కలిపి తెప్పించుకునే సంఘం రహస్య బ్యాలెట్ జరిపినట్టు కాదు. అప్పు మంజూరు చేసే కార్యదర్శే ఆ కవరు విప్పేవాడైతే సభ్యుడు ధైర్యంగా ‘కాదు’ అని రాయలేడు.

కంపెనీలకు 2014లో వచ్చిన నియమాలు పరిశీలకుని గురించి మంచి మాట చెప్పాయి: అతడు కంపెనీ ఉద్యోగి కారాదు. నోటీసు పంపిన నాటి నుంచి ముప్పై రోజులలోగా చేరని జవాబును రానట్టే భావించాలని, నోటీసు పంపిన విషయాన్ని ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటించాలని కూడా ఆ నియమాలలో ఉంది. పరిశీలకుని నియమించేది మాత్రం డైరెక్టర్ల బోర్డే. సహకార సంఘంలో ఆ అధికారం మహాజనసభకు ఉండాలి. గల్ఫ్‌లో సభ్యులున్న సంఘాలకు ముప్పై రోజులు చాలవు. నలభై అయిదు రోజులు పెట్టుకున్నా నష్టం లేదు.

రాయలేని సభ్యుల విషయంలోనే అసలు చిక్కంతా ఉంది. వేలిముద్రకు సాక్షి కావాలి. ఆ సాక్షి ఎవరు? సంఘాధ్యక్షుడు, కార్యదర్శి, సంఘం నుంచి జీతం తీసుకునేవారు కాకూడదన్నది అందరూ ఒప్పుకుంటారు. విస్తరణ శాస్త్రవేత్తలకు నచ్చకపోయినా ఆ జాబితాలో చేర్చవలసిన పేరు మరొకటుంది: సంఘాన్ని ప్రోత్సహిస్తున్న సంస్థ సిబ్బంది. రైతు ఉత్పత్తిదారుల సంస్థలలో సభ్యత్వ రిజిస్టరు చాలాచోట్ల వారి కంప్యూటరులోనే ఉంటుంది. నోటీసు టైపు చేసేదీ వారే, కవర్ల మీద చిరునామాలు అంటించేదీ వారే. గ్రామానికి వెళ్లినప్పుడు ‘కవరు పంపారా అమ్మా, ఇటివ్వండి, నేనే ఇచ్చేస్తాను’ అని తీసుకురావడం వారికి సహాయంగానే తోస్తుంది. ఆ మాటలో దురుద్దేశం లేకపోవచ్చు. అయితే తాము రూపొందించిన వ్యాపార ప్రణాళిక మీదనే ఓటు జరుగుతున్నప్పుడు, ఆ ఓటును తామే మోసుకురావడం సభ్యురాలి నోరు నొక్కడంతో సమానం. ‘వద్దు’ అని గుర్తు పెట్టిన కవరును ఆమె మేడమ్ చేతికి ఎలా ఇస్తుంది? విస్తరణ సిబ్బంది ప్రతిపాదనను వివరించవచ్చు, బ్యాలెట్ నింపే విధానాన్ని ఖాళీ నమూనా మీద నేర్పవచ్చు. నింపిన కవరును ముట్టకూడదు. కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలో ఈ ఒక్క నియమానికి అరగంట కేటాయించినా ప్రయోజనం ఉంటుంది. సాక్ష్యానికి ఊరి పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, బ్రాంచి పోస్టుమాస్టరు వంటివారు, వారు సంఘంలో సభ్యులు కానప్పుడు, తగినవారు.

పంపే పద్ధతిలోనూ పాత ఉపవిధులను సవరించుకోవాలి. ‘రిజిస్టర్డ్ పోస్టు ద్వారా’ అని రాసుకున్న సంఘాలు 2025లో ఆ సేవ స్పీడ్ పోస్టులో విలీనమైన సంగతిని గుర్తించాలి. తిరుగు కవరు ఖర్చు సభ్యుని మీద పడకుండా తపాలా శాఖ బిజినెస్ రిప్లై సౌకర్యాన్ని వాడుకోవచ్చు. జవాబులు సంఘ కార్యాలయానికి కాక పరిశీలకుని చిరునామాకు చేరాలి.

మొబైల్ ఫోనులో ఓటు వేయించవచ్చు కదా అన్న సూచన శిక్షణ తరగతులలో తప్పక వస్తుంది. పట్టణంలోని ఉద్యోగుల సంఘానికి అది సరిపోవచ్చు. గ్రామంలో రిజిస్టరులోని నంబరు చాలాసార్లు కొడుకుదో అల్లునిదో. ఓటీపీ ఎవరి చేతికి వస్తుందో ఓటు వారిదవుతుంది. వివాదం వస్తే మళ్లీ లెక్కపెట్టడానికి కాగితమైనా మిగులుతుంది.

చివరగా, బట్వాడా కాక తిరిగివచ్చిన కవర్లు. వీటిని వృథా కాగితాలుగా భావించి మూలన పడేస్తే సంఘానికి నష్టం. చిరునామా మారినవారు, చనిపోయినా రిజిస్టరులో బ్రతికి ఉన్నవారు, తండ్రి పేరు మీదనే లావాదేవీలు సాగిస్తున్న కొడుకులు అందులో బయటపడతారు. కోరం లెక్క ఏళ్ల తరబడి ఎందుకు తప్పుతున్నదో కూడా తేలవచ్చు. ఎన్ని కవర్లు పంపారు, ఎన్ని తిరిగివచ్చాయి, ఎన్ని ఆలస్యంగా చేరాయి, ఎన్ని ప్రకటన లోపంతో విప్పకుండా మిగిలాయి అన్న నాలుగు సంఖ్యలను పరిశీలకుడు ఫలితంతో పాటే నోటీసు బోర్డు మీద పెట్టాలి. తిరిగివచ్చిన కవర్ల పేర్లను తరువాతి మహాజనసభలో చదివి, అభ్యంతరాలు విని, రిజిస్టరును సరిచేయాలి.