చేపలకు చలవ యంత్రం

పిల్లలూ! ఎండలు ముదిరితే మనం నీడకు చేరతాం, కుండలో నీళ్ళు తాగుతాం. అద్దాల తొట్టిలో వుండే చేప ఎక్కడికి పోతుంది? దానికి యిల్లూ, గాలీ అన్నీ ఆ నీళ్ళే గదా!

నీరు వేడెక్కితే దానికి రెండు కష్టాలు. 15 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర లీటరు మంచినీళ్ళలో సుమారు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి వుండగలదు. 30 డిగ్రీల దగ్గరయితే సుమారు 7.5 మిల్లీగ్రాములే. పైగా వేడిలో చేపకు ప్రాణవాయువు మరింత కావాలి. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన సంసారమన్నమాట!

మన చెరువు చేపలు చాలావరకు యీ వేడికి అలవాటు పడినవే. కాని చల్లని తావుల్లో పుట్టిన ప్రాణులూ వున్నాయి. మెక్సికో నగరంలో, సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన, సోచిమిల్కో కాలువలున్నాయి. ఆక్సొలాటిల్ అనే జంతువు పుట్టిల్లు అదే. దానికి 16 నుంచి 18 డిగ్రీల నీరు హాయి. ఇటువంటి వాటిని పెంచేచోట తొట్టి పక్కన చిల్లర్ అనే యంత్రం పెడతారు. జేబులో గలగలలాడే చిల్లర కాదు సుమా!

చిల్లర్ చలవను పుట్టించదు. నీటిలోని వేడిని తీసి గదిలో పారేస్తుంది, అంతే. పంపు తోసిన తొట్టినీరు యంత్రంలో ఒక గొట్టపు చుట్టను తాకుతూ పోతుంది. చుట్టలోని ద్రవం ఆ వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి రెండో చుట్టలోకి తోస్తుంది. అక్కడ పంకాగాలికి వేడి వదిలి, ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది. రిఫ్రిజిరేటరు చేసే పనీ యిదే.

కనుక వేడికి రెండు గుమ్మాలు: ఒకటి యంత్రంలోకి వచ్చేది, ఒకటి బయటికి పోయేది. ఆ రెండూ మూసుకుపోకుండా చూడటమే యంత్రాన్ని శుభ్రం చెయ్యటం.

బయటి గుమ్మానికి శత్రువు దుమ్ము. రెండో చుట్టమీది పల్చని రేకులకు దుమ్ము పడితే యంత్రానికి కంబళి కప్పినట్టే. అది ఆగకుండా తిరుగుతుంది, నీరు మాత్రం చల్లబడదు. అందుకని నెలకొకసారి పెద్దవాళ్ళచేత ప్లగ్గు పీకించాలి. గాలి పోయే జల్లెడను కడిగి ఆరబెట్టాలి. రేకులను మెత్తని కుంచెతో, అవి ఎటు వుంటే అటే తుడవాలి; అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. యంత్రంమీద నీళ్ళు పొయ్యరాదు. గోడకు ఆనించక, గాలి ఆడేటంత ఎడం వుంచాలి.

లోపలి గుమ్మానికి శత్రువులు పాచి, సున్నం. నీళ్ళు కాచే గిన్నెలో తెల్లని పెచ్చు కడుతుంది చూడండి, అదే. కోడిగుడ్డు పెంకుమీద వెనిగరు చుక్క వేస్తే బుడగలు వస్తాయి. పెంకూ, పెచ్చూ ఒకే పదార్థం. రెండూ వెనిగరుకు కరుగుతాయి. చిల్లర్ ప్లగ్గు పీకి, దాని గొట్టాలను తొట్టినుంచి విడదీసి, నీళ్ళు కలిపిన వెనిగరును బకెట్టులోంచి చిన్న పంపుతో వాటిగుండా తిప్పుతారు. తరవాత మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడుగుతారు. సబ్బు వాడకూడదు, అది మొప్పలకు హాని. వెనిగరులో బ్లీచింగుపొడి కలిపితే విషవాయువు పుడుతుంది, జాగ్రత్త! ఈ పని పొద్దున్నే చల్లవేళ పెట్టుకోవాలి. అయేదాకా తొట్టిలో గాలిపంపు ఆడుతూ వుండాలి.

మీరు చెయ్యగల పని ఒకటున్నది. తొట్టినీటి ఉష్ణోగ్రతను రోజూ ఒకే వేళకు చూసి పుస్తకంలో రాయండి. గదిలో వేడి పెరగకుండానే ఆ అంకె పెరుగుతున్నదా? ఏదో ఒక గుమ్మం మూసుకుపోతున్నదేమో చూడమనండి. చేప నోరు విప్పి చెప్పలేదు. దాని తరఫున ఆ అంకే చెబుతుంది.