బండి నసిగితే అమ్మేయాలా?

మా ఇంట్లో 2006 నాటి బైకు ఉంది. యాక్సిలరేటర్ ఇవ్వగానే ఓ క్షణం గుటకలు మింగి, ఆ తర్వాతే అందుకుంటుంది. "పాతదైపోయింది, అమ్మేయండి" అనడం తేలిక. నేనొప్పుకోను. ముందు చవకగా తేలేవి చూడాలి: ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము, ప్లగ్ మీద మసి, కార్బురేటర్ జెట్‌లో నలక. చోక్ కొంచెం లాగితే సాఫీగా పోతోందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. ముందుగా జెట్ శుభ్రం చేయించాలి. ఒక్కొక్కటే సరిచేసి నడిపి చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే రోగమేదో తెలియదు, బిల్లు మాత్రం తెలుస్తుంది.

అలాగని వాయిదా వేయొద్దు. లారీ వస్తుండగా రోడ్డు దాటేటప్పుడు ఆ ఒక్క క్షణమే ప్రాణం మీదికి తెస్తుంది. వెనక సీట్లో పిల్లల్ని పట్టుకుని కూర్చునేది మనమే. మెకానిక్ చెప్పేది మనమూ నిలబడి విందాం.